తుపాకీ మేకుకి బొరిగె

ఆ వేసవిలో మా అన్న మరాష్ ఒక ప్రొఫెసరమ్మ చేతిలోని బొరిగెను తీసుకుని తుపాకీ మేకుకి తగిలించాడు. అంతా అక్కణ్ణుంచే మొదలైంది.

నన్ను ఎరిగినవాళ్లు నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వింటారు. మంచిదే. నేను బడి మెట్లెక్కింది ఒక్కసారి, అదీ కప్పు మీదికెక్కిన మేకను దించడానికి. మా చిన్నప్పుడు మంచు ఎంత పడేదంటే పొగగొట్టంలోంచి ఇంట్లోకి దిగేవాళ్లమని చెప్తాను. ఎలుగుబంటి నా పక్కన కూర్చుని రాకీ సారా తాగి, పెళ్లిపాట ఒకటి పాడి, పొద్దున్నే తలనొప్పితో మా గుమ్మంలో మూలిగిందని చెప్తాను. వాటిల్లో మీకెంత కావాలో అంత ఉంచుకోండి. ఇందులో మాత్రం తీసేయడానికేమీ లేదు. ఉంటే బాగుండునని నాకే అనిపిస్తుంది.

ప్రొఫెసరమ్మ పేరు పొలిక్సెని. రాజధాని తిరానాలో ఉంటుంది, పుట్టింది దక్షిణాన. కత్తిరించిన తెల్లజుట్టు, మగవాళ్ల బూట్లు, మెడలో భూతద్దం. మా మరాష్ కూతురు ద్రానా ష్కోద్రాలో చదువుతున్నప్పుడు ఈవిడ కొన్నాళ్లు అక్కడికొచ్చి మొక్కల గురించి పాఠం చెప్పింది. "మా కొండ మీద లేని మొక్క లేదు మేడమ్, ఒక వేసవి రండి" అని మా పిల్ల పిలిచింది. జూన్‌లో ఆవిడ రానే వచ్చింది. నా వ్యానులోనే తీసుకొచ్చాను.

మా వైపు అతిథి గడప దాటగానే అతని భుజాన ఉన్న తుపాకీ దించి మేకుకి తగిలించడం ఇంటాయన పని. ఆ తర్వాత ఆ మనిషి బాగోగులన్నీ ఆ ఇంటివే. ప్రొఫెసరమ్మ దగ్గర తుపాకీ ఎక్కడిది? మొక్కను వేళ్లతో సహా పెకలించే బొరిగె ఉంది, జానెడు. మా అన్న అటూ ఇటూ చూసి దాన్నే అందుకున్నాడు.

"అయ్యో, అది నాకు రేప్పొద్దున్నే కావాలండీ," అందావిడ.

"పొద్దున నా చేత్తో నేనే ఇస్తానమ్మా. ఇంట్లో ఉన్నంతసేపూ మీకు ఆయుధంతో పనిలేదు."

"ఆయుధమేంటన్నా, అది వేర్లు తవ్వుకునేది," అన్నాను.

"నువ్వు నోరు మూసుకుని సామాన్లు దించు."

అదే వరస ఆ వేసవంతా. పొద్దున బొరిగె దించి రెండు చేతులతో ఆవిడకిచ్చేవాడు, సాయంత్రం తీసుకుని తగిలించేవాడు. పగలు మేకు బోసిగా ఉండకూడదని ఆవిడ గొడుగు తగిలించేవాడు. మా తాత తుపాకీ వేలాడిన మేకు అది. దానికి పువ్వుల గొడుగు.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిడ రాకముందు వారం, వంటింట్లో అందరం కూర్చుని ఉండగా ద్రానా చెప్పింది. ఆస్ట్రియాలో ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఉందట. మొక్కల చదువు. ఖర్చంతా వాళ్లే పెట్టుకుంటారట.

"రెండు సిఫారసు ఉత్తరాలు కావాలి," అంది. "ఒకటి కాలేజీలో ఇచ్చారు. రెండోది నేను కొండ మీద పని చేస్తుంటే కళ్లారా చూసిన పెద్ద ప్రొఫెసర్ ఎవరైనా రాయాలి. జూలై నెలాఖరులోగా వాళ్లకి చేరాలి."

"సిఫారసంటే ఏంటమ్మా?" అన్నాను.

"నేను పనికొచ్చేదాన్నని ఇంకొకళ్లు చెప్పడం బాబాయ్."

"ఓస్, దానికి ప్రొఫెసరెందుకు? నేను చెప్తాను. ఎంత పొడుగు కావాలంటే అంత."

"నువ్వు చెప్తే ఇచ్చే సీటు కూడా ఇవ్వరు."

మా వదిన దిలా గరిటె ఊపుతూ నవ్వింది. మరాష్ నవ్వలేదు.

"ఆ ప్రొఫెసరమ్మ దిగేది మనింట్లోనేగా?" అన్నాడు.

"అవును నాన్నా."

"అయితే అడక్కూడదు."

ద్రానా బిత్తరపోయింది. "ఎందుకు?"

"మన రొట్టె తింటున్న మనిషి మన మాట కాదనలేదు. కాదనలేని మనిషిని అడగడమంటే మెడ మీద చెయ్యేసి నొక్కడమే. మా నాయన ఇంట్లో ఏ అతిథినీ ఎవ్వరూ ఏదీ అడగలేదు. ఆమె వెళ్లేటప్పుడు సాగనంపడానికి తెల్లబండ దాకా వెళ్తాంగా. బండ దాటాక ఆమె మన అతిథి కాదు, దారిన పోయే మనిషి. అప్పుడడుగు. ఇష్టముంటే రాస్తుంది, లేకుంటే లేదు."

తెల్లబండ వాగు మీద చెక్కవంతెనకి అవతల ఉంటుంది. మా ఊరి ఎల్ల అదే.

"నన్ను ఈ ఇంటికిచ్చేటప్పుడు నా ఇష్టం ఎవరడిగారు గనక," అంది వదిన గిన్నెలోకి చూస్తూ. "ఇప్పుడు మాత్రం మర్యాద పొంగుకొస్తంది."

"నీకిష్టం లేదా ఏంటి?"

"ఇప్పుడడిగి ఏం లాభంలే."

ప్రొఫెసరమ్మ జూలై నెలాఖరుకి ముందే వెళ్లిపోతానని రాసింది. పట్నం చేరితే కంప్యూటర్లోంచి ఉత్తరం పంపడానికి ఒక పూట చాలు. మా కొండ మీద ఆ సదుపాయం లేదు, ఫోను మోగాలన్నా చర్చి గోడెక్కి నిలబడాలి. లెక్క సరిపోయింది. మరాష్ కూతురి ముందు చెయ్యి చాచాడు.

"బండ దాటేదాకా ఆ ఊసెత్తనని మాటియ్యి."

ద్రానా ఇచ్చింది. మా దగ్గర ఇచ్చిన మాట ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. దాని కోసం మా తాతల్లో ఒకాయన పదేళ్లు గుహలో ఉన్నాడు. సరే, రెండేళ్లు.

*

ఆ వేసవిలో నేను చూసిన పని అంతకుముందెప్పుడూ చూళ్లేదు. పొద్దున్నే ఇద్దరూ బయల్దేరేవాళ్లు, వెనక నేను, నా వెనక కంచరగాడిద. మా కొండ మీద నాకు కనిపించేది గడ్డి. వాళ్లకి మాత్రం జనం కనిపించేవాళ్లు. ప్రతి ఆకుకీ పేరు, ఇంటిపేరు, మేనమామలు, వేలు విడిచిన చుట్టాలు.

ఒకరోజు పైన, మంచు ఇంకా కరుగుతున్న చోట ద్రానా నీలిపువ్వుల మొక్క ఒకటి పట్టుకొచ్చింది. ప్రొఫెసరమ్మ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది ఇంత కింద ఉండకూడదే. ఎక్కడ దొరికింది?"

"ఆ వంపులో మేడమ్, మేకలు వెళ్లని వైపు."

"మేకలెందుకు వెళ్లవు?"

"ఇది చేదు. నేను తిని చూశాను."

ప్రొఫెసరమ్మ భూతద్దం దించి ఆ పిల్ల వంక చూసింది. "ఇన్నేళ్లలో నా దగ్గర ఎందరో చదివారు. మొక్కను నమిలి చూసింది నువ్వొక్కదానివే. విషమైతే?"

"బాబాయ్ ఉన్నాడుగా, మోసుకెళ్తాడు."

"మీ బాబాయ్ మోసుకెళ్తూ దారిలో ఇంకో ఎలుగుబంటి కథ మొదలుపెడతారు. ఇంటికి చేరేసరికి నువ్వు బతికి ఉండవు."

ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ నెమ్మదిగా అడిగింది. "చదువైపోయిందిగా ద్రానా. ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?"

ద్రానా తలొంచుకుని మొక్కను కాగితాల మధ్య సర్దుతూ, "చూడాలి మేడమ్," అంది.

ఆవిడ ఇంకేదో అంటుందనుకున్నాను. అనలేదు. ఆ పిల్ల వంక మరికాసేపు చూసి, బొరిగె తీసుకుని లేచింది. ఆ చూపేంటో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం నేను గడ్డి కోస్తున్న మరాష్ దగ్గరికి పోయాను. ఊరికే ఉండే రకం కాదు నేను.

"అన్నా, ఆవిడ ఇస్తానన్న గది అద్దె తీసుకో."

"ఏమన్నావు?"

"అద్దె తీసుకుంటే ఆవిడ అతిథి కాదు, అద్దెకున్న మనిషి. అప్పుడు అడగొచ్చు. ఎవరి మర్యాదా పోదు."

మరాష్ కొడవలి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "మా నాయన ఇల్లు లాడ్జీ చేస్తానంటావు."

"మీ నాయన నాక్కూడా నాయనేగా. ఆయన ఉంటే తీసుకోమనేవాడు."

"ఆయన ఉంటే ముందు నిన్ను వాగులో ముంచేవాడు. పోరా, పోయి ఆ మేకల్ని తోలు."

"పోనీ ఆవిణ్ణి మొక్కలకని వంతెన అవతలికి తీసుకెళ్తాను. బండ దాటినట్టేగా."

"ఆమె సామాను ఎక్కడుంది?"

"ఇంట్లో."

"మేకుకేముంది?"

"గొడుగు."

"ఆ మేకు ఖాళీ అయ్యేదాకా ఆమె టర్కీ దేశం పోయినా నా అతిథే."

గొడుగు తగిలించింది ఇందుకని అప్పుడు తెలిసింది.

*

అడక్కూడదన్నారు గానీ, కథ చెప్పకూడదనలేదుగా. ఒక సాయంత్రం భోజనాల దగ్గర, జున్నూ రొట్టే తింటూ ఉండగా ప్రొఫెసరమ్మే అడిగింది. "ప్రేల్ గారూ, ఇవాళ ఎలుగుబంటి లేదా?"

"ఇవాళ కంచరగాడిదమ్మా," అన్నాను. "మా తాతల నాటిది. మహా తెలివైంది. దానికి వియన్నా వెళ్లి చక్రవర్తి గుర్రపుశాలలో చేరాలని కోరిక."

"చాలా మంచి కోరిక."

"అక్కడి పెద్దలు అన్నారూ, సరే, నువ్వు బరువు మోస్తుండగా చూసిన గొప్ప మనిషెవరైనా ఉంటే ఒక్క ముక్క రాయించుకురా, చేర్చుకుంటాం. దీని అదృష్టం, అప్పుడే ఒక మహారాణి దీని వీపు మీద కొండంతా తిరుగుతోంది. ఒక్క ముక్క రాస్తే చాలు. కానీ నోరు తెరిచి అడుగుదామంటే, ఆ మహారాణి దీని ఇంటికొచ్చిన చుట్టం. ఎట్లా అడుగుద్ది?"

బల్ల కింద వదిన కాలు నా కాలు తొక్కింది. ఆపమనో, కానిమ్మనో తెలియలేదు. మరాష్ గ్లాసు కిందపెట్టాడు.

"ఆ తర్వాత?" అంది ప్రొఫెసరమ్మ. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. "ఏమైంది కంచరగాడిద?"

"అది ఆ మహారాణి చేతుల్లో ఉందమ్మా."

"అయితే రాసే ఉంటుంది," అని ఆవిడ గ్లాసెత్తింది. "కంచరగాడిద ఆరోగ్యానికి."

అందరం తాగాం. మరాష్ కూడా, మింగుడు పడనట్టు. నేను ఇరవై ఏళ్లుగా ఆ బల్ల దగ్గర చెప్పినవన్నీ అబద్ధాలే. అదొక్కటే నిజం. అందరికన్నా ఎక్కువ నవ్వు దానికే వచ్చింది.

గిన్నెలు కడిగే చోట ద్రానా నన్ను పట్టుకుంది. "నేను కంచరగాడిదనా బాబాయ్?"

"చాలా తెలివైందని చెప్పానుగా."

"ఇంకెప్పుడూ చెప్పకు. నాన్నకి మాటిచ్చింది నేను. నీ నోటితో తప్పించుకుంటే తప్పినట్టే." కోపంగా అనలేదు. గిన్నె ఒకటి నా చేతికిచ్చి అంది. "బండ దగ్గర అడుగుతాగా. ఎంత దూరముంది బండ."

ప్రొఫెసరమ్మ వెళ్లే ముందురోజు, ఆవిడ చర్చి ఫాదర్‌కి వెళ్లొస్తానని చెప్పడానికి పోయినప్పుడు, మేం వాకిట్లో ఒకసారి ఆడి చూసుకున్నాం. పాలబిందె తెల్లబండ. వదిన తలగుడ్డ కట్టుకుని నేను ప్రొఫెసరమ్మను. బిందె దాటి నిలబడ్డాను.

"మేడమ్," అంది ద్రానా. "మీరు నా పని చూశారు. మీకు నచ్చితే, నా గురించి నాలుగు మాటలు రాసిస్తారా?"

"రాయను," అన్నాను, ఊరికే.

వదిన నా తలగుడ్డ లాగేసింది. "అపశకునం మాటలు. మళ్లీ కానీ."

మళ్లీ చేశాం. ఈసారి రాస్తానన్నాను. ద్రానా నవ్వి వంగి నాకు దండం పెట్టింది. మరాష్ గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు. "'నచ్చితే' అన్న మాట వదలకమ్మా," అన్నాడు. "అది ఉండాలి."

*

మర్నాడు పొద్దున్నే వ్యాను శుభ్రం చేసి తెచ్చాను. ద్రానా మొక్కల కట్టలన్నీ తాళ్లతో బిగించి గుమ్మం పక్కన పేర్చింది. జడ కొత్తగా వేసుకుంది. ప్రొఫెసరమ్మ బూట్లు తొడుక్కుని కాఫీ తాగుతోంది.

బయల్దేరే అతిథిని ఇంటాయన మూడుసార్లు ఉండమనాలి. మూడుసార్లూ అతిథి వద్దనాలి. ఉండమనకపోతే పొమ్మన్నట్టు. ఆవిడది దక్షిణమైనా ఈ సంగతి తెలియంది కాదు. పెళ్లిలో పాదిరి మంత్రం చదివినట్టు అందరికీ నోటికొచ్చిన ముచ్చటే.

మరాష్ బొరిగె దించి ఆవిడ చేతికిచ్చాడు. "ఇంకో రెండు రోజులుండి వెళ్లండమ్మా."

"లేదండీ, ఇప్పటికే మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను."

"మీరుంటే ఇంటికి వెలుగుగా ఉంది. ఉండండి."

"వెళ్లాలండి. పనులున్నాయి."

మరాష్ ఊపిరి తీసుకున్నాడు. ఆ క్షణాన ఆయన మొహం నేను చూశాను. మూడోది అనకుండా మింగేస్తాడనుకున్నాను. ఒక్క మాట. ఎవరికీ తెలిసేది కూడా కాదు. కానీ ఆయన మా నాయన కొడుకు.

"ఆగస్టులో మరియమ్మ పండగ దాకా ఉండి వెళ్లండమ్మా. మా ఇంట్లో పండగ చూద్దురు గాని."

ప్రొఫెసరమ్మ కప్పు కిందపెట్టింది. వ్యాను వంక చూసింది, కట్టల వంక చూసింది. తర్వాత ద్రానా వంక చూసింది, ఆ పిల్ల ఏదైనా అంటుందేమోనన్నట్టు. ద్రానా కట్టల ముడులు సరిచూస్తోంది.

"సరే మరాష్ గారూ," అంది. "ఇంతగా అడుగుతున్నారు. పండగ దాకా ఉంటాను."

పొయ్యి మీద పాలు పొంగి పోతున్నాయి. ఎవరూ కదల్లేదు.

"చాలా సంతోషమమ్మా," అన్నాడు మరాష్. బొరిగె మళ్లీ తీసుకుని మేకు దగ్గరికి నడిచాడు. మొదటిసారి తగిలించబోతే జారింది. రెండోసారి నిలిచింది.

ద్రానా వంగి, కట్టల తాళ్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

*

"ఇప్పుడైనా అడుగుదామన్నా," అన్నాను ఆ మధ్యాహ్నం కొట్టం దగ్గర. "నేను నా కాళ్ల మీద పోయి ఉత్తరం పట్నంలో ఇచ్చొస్తాను. వ్యాను మొరాయించినా సరే."

"ఉండమని బతిమాలి ఉంచుకుని, ఉన్నాక అడగనా?" అన్నాడు మరాష్. "ఉచ్చేసి పట్టినట్టుంటుందిరా. దీని కోసమే ఉంచుకున్నారనుకోదూ ఆమె?"

"అనుకుంటే అనుకోనీ."

"నువ్వు చెప్పే కథల్లో మనుషులకి అది కుదురుద్ది. నాకు కుదరదు."

"నా కథల్లో కంచరగాడిదలకి కూడా పట్టుదల ఇంత ఉండదు."

నన్ను కొట్టినా బాగుండేది. కొట్టంలోకి పోయాడు. లోపల ఏం చేస్తున్నాడో చూడలేదు.

జూలై చివరి రోజున వదిన రొట్టె మాడ్చింది. ఆ ఇంట్లో రొట్టె మాడడం నేనదే మొదటిసారి చూడ్డం. ప్రొఫెసరమ్మ మాడిన ముక్కే ఏరుకుని, "నాకిదే ఇష్టం" అంది. వదిన ఆవిడకి ఎదురుగా కూర్చుని, ఏదో అడగబోతున్నట్టు పెదాలు కదుపుతూ, ఆవిడ తినడం అయిందాకా అలా చూస్తూనే ఉంది. ద్రానా ఆ రోజు ఒక్కత్తే కొండెక్కి, సాయంత్రానికి ఎన్నడూ తేనన్ని మొక్కలు తెచ్చింది. వాటిని ఎండలో పరుస్తూ నాకొకటి చూపించింది.

"బాబాయ్, ఇది చూడు. మనూళ్లో ఎవరికీ కనిపించదు. ఏళ్లకేళ్లు నేల లోపలే ఉండి ఎప్పుడో ఒక ఏడాది పూస్తుంది."

"మరి ఈ ఏడు పూసిందిగా," అన్నాను.

"పూసింది," అంది. దాన్ని కూడా తక్కిన వాటితో పాటు కాగితాల మధ్య పెట్టేసింది.

*

పండగ బాగా జరిగింది. మేక కోశారు, ఫాదర్ పాట పాడాడు, నేను ఎలుగుబంటి కథ మళ్లీ చెప్పాను. ఎవరూ అడక్కుండానే చెప్పాను. మర్నాడు ప్రొఫెసరమ్మ బయల్దేరింది. మరాష్ మూడుసార్లు ఉండమన్నాడు, ఆవిడ మూడుసార్లు వద్దంది. ఈసారి అన్నీ ఎలా జరగాలో అలాగే జరిగాయి.

వంతెన మీదుగా అందరం నడిచాం. నేను వ్యాను ముందే అవతల నిలిపాను. తెల్లబండ దాటాక మరాష్ బొరిగెను ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని ఒకసారి తిప్పి చూసి ద్రానా చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉండనీ. నీ చేతికి కుదిరింది."

ద్రానా థాంక్స్ చెప్పింది. వాగు ఒక్కటే మాట్లాడుతోంది. అప్పుడు మరాష్ గొంతు సవరించుకున్నాడు.

"ద్రానా, బండ దాటారమ్మా. ఇప్పుడడుగు."

ప్రొఫెసరమ్మ గబుక్కున ఆ పిల్ల వంక తిరిగింది. మొహం ఎలా వెలిగిందో నాకిప్పటికీ గుర్తే.

"ఏమీ లేదు నాన్నా," అంది ద్రానా. "మేడమ్‌కి ఆలస్యమైపోతుంది."

ఆవిడ వీపు మా వాళ్ల వైపు తిరిగేదాకా మరాష్ తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అదీ పద్ధతే.

వ్యాను రెండు మలుపులు దిగాక ఆవిడ అడిగింది. "ప్రేల్ గారూ, ఏమడగమన్నారాయన?"

ఇప్పుడు నాకే అడ్డూ లేదు. చెప్పేశాను. ఆస్ట్రియా, రెండో ఉత్తరం, జూలై నెలాఖరు, ఇచ్చిన మాట, పాలబిందె, అంతా.

ఆవిడ చిన్నగా నవ్వబోయింది. "ఇది కూడా మీ ఎలుగుబంటి లాంటిదేనా?"

"కాదమ్మా."

నా మొహం చూసింది. నవ్వు పోయింది. "ఆ కంచరగాడిద..." అని ఆగిపోయింది.

"అవునమ్మా."

"ఆపండి."

ఆపాను. దిగి రోడ్డు పక్కన నిలబడి పైకి చూసింది. అక్కణ్ణుంచి మా ఊరు కనిపించదు, కొండే కనిపిస్తుంది. తిరిగొచ్చి కూర్చున్నాక నాతో అన్నట్టుగా కాక మాట్లాడింది.

"నేను ఆ రోజు ఎందుకు ఉండిపోయానో తెలుసా? అడుగుతుందేమోనని. మొదటి వారంలోనే అనుకున్నాను, ఈ పిల్ల అడిగితే ఎంత బాగా రాస్తానో అని. అడగలేదు. ఏం చేద్దామనుకుంటున్నావంటే 'చూడాలి' అంటుంది. ఇంట్లోవాళ్లకి ఆడపిల్లను పంపడం ఇష్టం లేదేమో, వాళ్ల కోసం నోరు మూసుకుంటోందేమో అనుకున్నాను. వాళ్ల రొట్టె తింటూ, వాళ్ల పొయ్యి దగ్గర కూర్చుని, మీ పిల్లను నాతో పంపండి అని ఎలా అంటానండీ? అతిథిని కదా."

"అవునమ్మా," అన్నాను. "మీరూ మంచి అతిథే."

ఆ మాట తిట్టులా వినిపించిందేమో, కిటికీ వైపు తిరిగింది.

పట్నం చేరగానే ఆస్ట్రియాకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. భాష తెలియకపోయినా, అవతలి వాళ్లు ఎంత మర్యాదగా కాదంటున్నారో తెలుస్తూనే ఉంది. ఉత్తరం ఎలాగూ రాసి పంపింది. మరుసటేడు పనికొస్తుందని వాళ్లన్నారు. మరుసటేడు ఖర్చులిచ్చే ఆ ఏర్పాటే ఎత్తేశారు.

ద్రానా ఇప్పుడు ష్కోద్రాలో ఎండుమూలికల గిడ్డంగిలో పని చేస్తోంది. బస్తాలు విప్పి, వాసన చూసి, ఏది మంచిదో ఏది కల్తీయో చెప్తుంది. బాగానే ఉంది, నవ్వుతూనే ఉంటుంది. నేను వెళ్తే చేతుల నిండా సేజ్ ఆకు వాసనతో వచ్చి కాఫీ ఇప్పిస్తుంది. ఆ ఊసు మాత్రం మేమెవరం ఎత్తం.

ప్రొఫెసరమ్మ ప్రతి వేసవీ వస్తుంది, వెంట పిల్లల్ని వేసుకుని. మా ఇంట్లో దిగదు. కింద ఊళ్లో గది తీసుకుని అద్దె కట్టి ఉంటుంది. మొదటిసారి అలా దిగినప్పుడు మరాష్‌కి చెప్పడానికి నాకే మనసు రాలేదు. చెప్పాక, "మంచి పని చేసింది," అన్నాడు. ఇంతకుముందైతే ఆ మాటకి నెల రోజులు అన్నం మానేసేవాడు.

ఈమధ్య మా కొండకి నడుచుకుంటూ వచ్చే పరదేశీలు ఎక్కువయ్యారు. ఇద్దరు ముగ్గురు మా ఇంట్లోనూ దిగుతారు. వాళ్ల దగ్గర తుపాకులుండవు, చేతికర్రలుంటాయి. మరాష్ వాటిని తీసుకుని మేకుకి తగిలిస్తాడు. రొట్టె, జున్ను, రాకీ, అన్నీ పద్ధతిగానే. వెళ్లేనాడు ఉండమంటాడు. వాళ్లు నవ్వుతూ వద్దంటారు. ఇంకోసారి ఉండమంటాడు. మళ్లీ వద్దంటారు.

మూడోసారి అనడు. లేచి మేకు దగ్గరికి వెళ్లి, కర్రలు దించి తెస్తాడు.